అట్టపెట్టెల సెక్షనూ, ఒక బిజినెస్ స్కూలూ

మొన్న మా పై అంతస్తు అమ్మాయి డబ్బా నిండా మైసూర్‌పాక్ తీసుకొచ్చింది. "ఆంటీ, నాకు సస్టైనబిలిటీలో జాబ్ వచ్చింది. మీరు రిటైరైంది కూడా అందులోనే కదా! అసలు అక్కడ ఏం చేయాలి?" అని అడిగింది. నోట్లో మైసూర్‌పాక్ ఉంది కాబట్టి బతికిపోయాను. లేకపోయినా వెంటనే జవాబు చెప్పగలిగేదాన్ని కాదు. ఆ అమ్మాయి కోసం, ఆ అమ్మాయిలాగా కొత్త ఐడీ కార్డు మెడలో వేసుకుని అద్దంలో చూసుకుంటున్న మిగతావాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మాది హిందూపురం. పెళ్లయి బెంగళూరు వచ్చి, కారం పొడులూ పచ్చళ్లూ చేసే ఒక కంపెనీలో చేరి, అక్కడే రిటైరయ్యాను. పాత బజారు కాటన్‌పేటలో చిన్న కొట్టుగా మొదలైన కంపెనీ అది. నేను చేరేనాటికి ఊరి శివార్లలో చందాపుర దాటాక పెద్ద ఫ్యాక్టరీ ఉండేది. చాలా ఏళ్లు ల్యాబులో కారం ఘాటు, పచ్చడి పులుపు చూశాను. ఒకరోజు పిలిచి "ఇకనుంచి మీరు సస్టైనబిలిటీ హెడ్" అన్నారు. ఆ మాటకి అర్థం చెప్పినవాళ్లు లేరు. ఏటా మొక్కలు నాటించడం తప్ప నేను చేసే పని ఎవరికీ కనపడేది కాదు కనుక ఫ్యాక్టరీలో అందరూ నన్ను "చెట్ల మేడమ్" అనేవాళ్లు. నాకు ఆ పేరు నచ్చింది. కార్డు మీద ఉన్నదానికన్నా పలకడానికి సులువు.

ప్రమోషన్ల సంగతి, అవార్డుల సంగతి వదిలేస్తాను. అవి మా ఇంట్లో దుమ్ము తుడవాల్సిన వస్తువులుగా మిగిలాయి. ఒక్క బిజినెస్ స్కూలుతో మేం పెట్టుకున్న పొత్తు గురించి చెబుతాను. ఉద్యోగం అంటే ఏమిటో నాకు అక్కడే తెలిసింది.

శాలువాల కాలం

కంపెనీలూ బిజినెస్ స్కూళ్లూ కలిసి పర్యావరణాన్ని కాపాడతామని ఒప్పందాలు చేసుకోవడం ఇప్పుడు మామూలే. మేమూ చాలా చేసుకున్నాం. ఒప్పందం అంటే మొదట ఒకరికొకరు శాలువాలు కప్పుకోవడం, నెత్తిన మైసూరు పేటా తలపాగా పెట్టుకోవడం, ఫొటో. తర్వాత స్టూడెంట్లు ల్యాప్‌టాపులతో వస్తారు. ఏసీ గదిలో కూర్చుని మేమిచ్చిన లెక్కలు చూసి, మేమే చెప్పిన సమస్యలు మాకే రంగుల్లో చూపిస్తారు. "అద్భుతం. మీ సూచనలు తప్పకుండా పరిశీలిస్తాం" అంటాం. చప్పట్లు కొడతారు. వేడివేడి బోండాలు వస్తాయి.

ఒక ఏడాది ఒక కుర్రాడు అంతకుముందు ఏడాది బ్యాచ్ స్లయిడ్లే చూపించాడు. చివర్లో "థాంక్యూ" కింద పాత అమ్మాయి పేరు అలాగే ఉంది! నేను తప్ప ఎవరూ గమనించలేదు. నేనేమో బోండాలు చల్లారిపోతున్నాయని ఊరుకున్నాను.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కంపెనీకి కావలసింది పొగడ్త అయితే కాలేజీ దాకా వెళ్లనక్కర్లేదు. దానికి ప్రకటనల వాళ్లున్నారు, ఇంకా అందంగా పొగుడుతారు. కాలేజీకి కావలసింది గోడ మీద కంపెనీ బొమ్మ అయితే ఆ బొమ్మ మెయిల్లో పంపించేయొచ్చు. ఈ రెండూ కాని అవసరం ఏదైనా ఉంటేనే ఇద్దరూ ఒక గదిలో కూర్చోవాలి.

ప్రొఫెసర్ గారి షరతు

అలాంటి రోజుల్లో ప్రొఫెసర్ ఇమ్మానుయేల్ మా ఆఫీసుకొచ్చారు. గుంటూరు మనిషి. భారీ కాయం, దానికి తగ్గ నవ్వు. మేం శాలువా తీయగానే "ఏవండీ, ఇంట్లో బీరువా తలుపు పట్టట్లేదండీ, ఇది నాకొద్దు" అని చేతులు జోడించారు. మా ఎండీ గోపీనాథ్ గారు ఆ పూటే ఆయనతో ప్రేమలో పడ్డారు. గోపీనాథ్ గారిది కాటన్‌పేటలో తరాలుగా స్థిరపడిన తెలుగు వ్యాపార కుటుంబం. ఆయన తెలుగులో సగం మా సీమ మాట, పావు కన్నడ, మిగతా పావు బేరం.

ప్రొఫెసర్ గారు రెండు షరతులు పెట్టారు.

"మొదటిదండీ, ఆఖరి రోజు ప్రెజెంటేషన్ మా కాలేజీలోనే. ఎండీ గారు స్వయంగా రావాలి. పిల్లలు చెప్పింది విని స్టేజీ మీదే 'చేస్తాం' అనో 'చేయం' అనో చెప్పాలి. 'చేయం' అన్నా మాకు కోపం లేదు, ఎందుకు చేయరో చెప్పండి చాలు. 'పరిశీలిస్తాం' అనే మాట మాత్రం మా కాంపౌండులో నిషేధమండీ."

గోపీనాథ్ గారు పగలబడి నవ్వారు. "ఇంగ నేనేం మాట్లాడల్ల సార్? నా మాటలు సగం అవే గదా!"

రెండోది స్టూడెంట్లకి. వాళ్ల సలహా వల్ల ఫ్యాక్టరీలో ఎవరి పని మారుతుందో, ఆ మనుషుల దగ్గరికి స్టూడెంట్లే వెళ్లి ముఖాముఖి చెప్పాలి. అదీ మిగతా అందరికన్నా ముందు.

ఇది విన్నప్పుడు నాకు పెద్ద విషయం అనిపించలేదు. మీరు ఈ ఉద్యోగంలో ఎక్కడ చేరినా, ఇంకేం చేయలేకపోయినా, ఈ రెండో షరతు మాత్రం పెట్టించండి.

రాజమ్మ మజ్జిగ

ఆ ఏడాది వచ్చిన జట్టుకి ఫర్హానా అనే హైదరాబాదు అమ్మాయి నాయకురాలు. ఒకచోట నిలబడని మనిషి. వచ్చిన వారంలోనే డెలివరీ వ్యాన్ ఎక్కి ఊరంతా తిరిగొచ్చింది.

"మేడమ్, మన వ్యాన్లు ఫుల్‌గా పోతున్నయ్, ఖాళీగా వస్తున్నయ్. రోజూ కొత్త అట్టపెట్టెలు పోతయ్, ఒక్కటి కూడా వాపస్ రాదు. పాలవాళ్లు క్రేట్లు వాడతరు కదా, మనం కూడా వాడితే? పొద్దున నిండుగా పంపి, సాయంత్రం ఖాళీవి తెచ్చుకోవచ్చు. అట్టపెట్టె అవసరమే లేదు!"

చక్కటి ఆలోచన. నాకు నచ్చింది, ఎండీ గారికి నాకన్నా ఎక్కువ నచ్చింది. నగర్తపేట, కాటన్‌పేట షాపులకి ముందు క్రేట్లతో పంపి చూద్దామన్నారు. ఆఖరి రోజు స్టేజీ మీద 'చేస్తాం' అంటే ఊరంతటికీ అవే. అట్టపెట్టెల సెక్షన్ మూసేయడమే.

ఆ సెక్షన్ గురించి చెప్పాలి. ఫ్యాక్టరీ వెనక రేకుల షెడ్డులో ఆడవాళ్లు అట్ట షీట్లు మడిచి, పిన్నులు కొట్టి పెట్టెలు చేసేవాళ్లు. అందరూ చందాపుర చుట్టుపక్కల ఇళ్ల నుంచి వచ్చేవాళ్లే. వాళ్ల పెద్ద రాజమ్మ. బాగేపల్లి పక్క పల్లె ఆమెది. గొంతు షెడ్డుకి సరిపోక గ్రైండింగ్ సెక్షన్ దాకా వినపడేది. పండగ బోనస్ బేరంలో ఎండీ గారికే చెమటలు పట్టించిన మనిషి. వాళ్లందరికీ వేరే సెక్షన్లో చోటు లేదు. అక్కడంతా మెషీన్లే.

షరతు ప్రకారం ఫర్హానా వెళ్లి చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. విన్నాక షెడ్డులో పిన్నుల చప్పుడు ఆగిపోయింది.

"అంటే మేము ఇంటికి పోవల్లనా?" అంది రాజమ్మ.

ఫర్హానా తల దించుకునే అవునంది. రాజమ్మ లేచి, తన బాటిల్లోంచి మజ్జిగ స్టీలు గ్లాసులో పోసి ఆమె చేతికిచ్చింది.

"తాగు. నువ్వొచ్చి మొగం మింద చెప్పినావు, దానికి ఇది. మా పని తీసేస్తానంటాండావు గదా, దానికేం ఇయ్యల్లనో మేం మాట్లాడుకోని చెప్తాం."

నేను ఎండీ గారి దగ్గరికి వెళ్లి ఆ ఆడవాళ్ల సంగతేమిటని అడిగాను.

"పద్మక్కా, చెట్లు కొట్టొద్దంటావు. అట్టలు తగ్గియ్యమంటావు. ఇప్పుడేమో అట్టల సెక్షన్ మూయొద్దంటావు. ఏదో ఒకటి చెప్పప్పా! నాకూ కష్టంగానే ఉండాది" అన్నారు.

ఆయన తప్పుగా ఏమీ అనలేదు. మన వృత్తిలో అసలు ముడి ఇదే. మంచిపని అని మనం మొదలుపెట్టింది ఎవరి కంచంలో కూడో లాగేస్తుంది. భూమికి మంచిదన్న మాట ఎంత నిజమైనా ఆ షెడ్డులో నిలబడి చెప్పడం నా వల్ల కాలేదు.

క్రేట్లు యాడికి పోయినాయ్?

నీలం రంగు క్రేట్లు వచ్చాయి. పూజ చేసి, కొబ్బరికాయ కొట్టి పంపించాం. మొదటిరోజు దాదాపు అన్నీ తిరిగొచ్చాయి. మర్నాడు కొన్ని తగ్గాయి. ఆ తర్వాత వ్యాన్లు వెళ్లినప్పుడు నీలంగా, వచ్చేటప్పుడు ఖాళీగా ఉండటం మొదలైంది. డ్రైవర్లని అడిగితే "షాపులో లేవంటున్నారు మేడమ్" అన్నారు.

ఫర్హానా, నేను, ప్రొఫెసర్ గారు వెతకడానికి బయల్దేరాం. నా ఉద్యోగ జీవితంలో అంత నవ్విన రోజు ఇంకొకటి లేదు. నగర్తపేట సందు మొదట్లోనే ఒక పూలావిడ మా క్రేటులో మల్లెపూల మాలలు చల్లగా పరుచుకుని కూర్చుంది. రెండడుగులు వేస్తే టీకొట్టు ముందు మా క్రేట్లు బోర్లా, వాటి మీద గిరాకీలు. ఒక గుడి ముందు చెప్పులు పెట్టేది మా క్రేటులోనే. ఒక గోడౌన్ మెట్ల కింద మా క్రేటులో పాత లుంగీ పరిచి ఉంది, దాని మీద పిల్లి, పిల్లి చుట్టూ కూనలు. ప్రొఫెసర్ గారు ఒంగి చూసి, "ఏవండీ, వీళ్లని ఖాళీ చేయించాలంటే కోర్టుకెళ్లాలేమో" అన్నారు.

ఒక షాపులో సరుకు దించే మనిషిని ఫర్హానా నేరుగానే అడిగింది. "అన్నా, క్రేట్లు ఎందుకు వాపస్ ఇస్తలేరు?"

అతను ఏమాత్రం తడబడలేదు. "సరుకు ఓనర్‌ది మేడమ్, ఖాళీ డబ్బా మాది. ఎప్పట్నుంచో ఇట్లే ఉండాది. మీరు డబ్బా బదులు ఇది పంపినారు, ఇదీ మాదే గదా!"

షాపుల్లో పనివాళ్లకి అట్టపెట్టెలు ఒక హక్కు. సాయంత్రం వాటిని చదును చేసి, కట్ట కట్టి పాత సామాన్ల వాళ్లకి వేసి టీ తాగుతారు. కొట్టు యజమానులు ఎన్నడూ ఆ అట్టల జోలికి పోరు. మా ఎండీ గారు చిన్నప్పటినుంచీ ఆ పేటలోనే తిరిగారు, నేను ఆ సందుల్లో చీరలు కొన్నాను. అయినా వ్యాన్ దిగాక ఆ పెట్టె ఏమవుతుందని మాలో ఎవరూ ఆలోచించలేదు. పిల్లల లెక్కల్లో పెట్టె షాపు గుమ్మం దగ్గర మాయమైపోయింది.

ఎండీ గారు మొండికేశారు. "డిపాజిట్ పెడదాం, క్రేటు ఇస్తేనే తిరిగిస్తాం. ఆఖరి రోజు అదే చెప్తా." డిపాజిట్ మాట చెప్పగానే షాపుల వాళ్లు వేరే కంపెనీ పొడులు చూసుకుంటామన్నారు. అయినా ఆయన మెత్తబడలేదు. కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టినదాన్ని వెనక్కి తీసుకోవడం ఆయన ఇంటా వంటా లేదు.

ఫర్హానా ఆ సాయంత్రం ప్రొఫెసర్ గారితో, "సార్, మా ఐడియా మేమే వెనక్కి తీసుకుంటం. మార్కులు పోతే పోనియ్యండి" అంది.

ఆయన ముఖం వెలిగిపోయింది. "మార్కులెందుకు పోతాయమ్మా? కోర్సు మొత్తంలో నువ్వు చేసిన మొదటి మంచిపని ఇదే. వెనక్కి తీసుకుని ఊరుకోకు, ఇంకోటి పట్రా."

తిరగేసిన పెట్టె

ఫర్హానా జట్టు మళ్లీ అట్టల షెడ్డుకే వెళ్లింది. వెళ్లి జరిగిందంతా చెప్పింది. పూలావిడ, పిల్లి, టీకొట్టు, అన్నీ. షెడ్డంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. నవ్వు ఆగాక ఫర్హానా అడిగింది. "అక్కా, ఆ అట్టడబ్బాలే తిరిగి తెస్తే, మళ్లీ వాడచ్చా?"

"ఎట్ల వాడేది? మింద మార్కర్ గీతలు, స్టిక్కర్లు, మూలలు చిరిగిపోయుంటాయి" అంటూ రాజమ్మ, ఫర్హానా షాపు నుంచి తెచ్చిన ఒక పాత పెట్టె లాక్కుంది. పిన్నులు పీకింది. అటూ ఇటూ తిప్పి చూసింది. "కాలర్ అరిగిపోతే చొక్కా పారేస్తామా? తిరగేసి కుట్టించుకోమా?" అంటూ లోపలివైపు బయటికి వచ్చేలా మడిచి, పిన్నులు కొట్టి కింద పెట్టింది. గీతలు, స్టిక్కర్లు లోపలికి పోయాయి. బయట కొత్తదానిలా శుభ్రంగా ఉంది. షెడ్డులో ఒక్కసారి ఈలలు.

ఒక పాత పెట్టెని విప్పి, తిరగేసి, మూలలు బాగుచేయడానికి కొత్తది మడవడం కన్నా ఎక్కువ చేతులు కావాలి. అంటే ఆ సెక్షన్లో ఒక్కరి పని కూడా పోదు. కొత్త అట్ట మాత్రం సగానికి సగం తగ్గుతుంది. ఇది అర్థమైన క్షణంలో ఫర్హానా రాజమ్మని గట్టిగా వాటేసుకుంది. రాజమ్మ "వదలమ్మా, దుమ్ము అంటుకుంటాది" అంటూనే వదల్లేదు.

కథ ఇక్కడే ముగిసిపోతే ఎంత బాగుండేది! తొందరపడి, పాత సామాన్ల వాళ్ల దగ్గర మా పెట్టెలే కొనుక్కొచ్చి, ఒక వ్యాన్ నిండా తిరగేసిన పెట్టెలు పంపించాం. సరిగ్గా చందాపుర జంక్షన్లో, సిగ్నల్ దగ్గర డ్రైవర్ బ్రేకు వేశాడు. పైవరస బరువుకి కింది పెట్టెలు మడతల దగ్గర విచ్చుకున్నాయి. పచ్చడి సీసాలు దొర్లాయి, కారం ప్యాకెట్లు చిట్లాయి. వెనక తలుపు తెరవగానే ఎర్రటి మేఘం. బస్సు స్టాపులో జనం, ట్రాఫిక్ పోలీసు, ఆటోల వాళ్లు అందరూ ఒకేసారి తుమ్మారు. పోలీసాయన కళ్లు తుడుచుకుంటూ "ఏన్రీ ఇదు, యుద్ధానా?" అని కన్నడంలో అరిచాడు, ఇదేమన్నా యుద్ధమా అని.

రాజమ్మ ఆ రోజు అన్నం తినలేదు. "నేనే చెడగొడ్తిని మేడమ్. ఇంగ మమ్మల్ని పంపించడానికి సార్‌కి మంచి సాకు దొరికె" అంది. మడత తిరగేస్తే అట్ట అక్కడ బలహీనపడుతుందని ఎవరికీ తట్టలేదు. ఇలాంటప్పుడు తప్పు ఎవరిదని వెతకడం మొదలుపెడితే పని అక్కడే ఆగిపోతుంది. మేం వెతకలేదు.

ఇప్పుడు పిల్లల చదువు పనికొచ్చింది. ఎంత బరువుకి ఏ మడత విచ్చుకుంటోంది, ఎన్ని వరసలు పేర్చవచ్చు, అన్నీ షెడ్డులోనే పరీక్షలు పెట్టారు. మెట్ల మీదనుంచి పెట్టెల్ని దొర్లించారు. ఒకదాని మీద ఒకటి పేర్చి ఎక్కి గంతులేశారు. ఆఖరి పరీక్షకి ప్రొఫెసర్ గారే ఒక పెట్టె మీద కూర్చున్నారు. పెట్టె నిలిచింది. "నన్ను మోసిందంటే మీ కారం ఒక లెక్కా అండీ!" అన్నారు. మడతల మీద అట్టముక్క పట్టీగా అంటించాలని రాజమ్మ మనుషులు తేల్చారు. పచ్చడి సీసాలకి కొత్త పెట్టె, పొడులకి మాత్రమే తిరగేసినది అని ఫర్హానా జట్టు తేల్చింది.

షాపుల పనివాళ్లతో కూడా మాట్లాడారు. చిరగని ఖాళీ పెట్టెలు కట్ట కట్టి ఇస్తే బదులుగా పొడి ప్యాకెట్లు ఇస్తామన్నారు. వాళ్లు పొడి వద్దు, నిమ్మకాయ పచ్చడి కావాలన్నారు. సరే అన్నాం. హక్కు వాళ్లదిగానే ఉంది, పెట్టె మా దగ్గరికి వస్తోంది. కొంతమంది అట్టలు పాత సామాన్లకే వేసుకుంటామన్నారు. అదీ సరే అన్నాం.

ఆఖరి రోజు క్లాసు

ఇంతా చేసి మా ఎండీ గారి మనసు ఎటుందో ఎవరికీ తెలియదు. చందాపుర సంగతి తెలిశాక ఆయన నాతో సరిగా మాట్లాడలేదు. క్రేట్లు డిపాజిట్‌తో పెట్టి, నెలాఖరుకి సెక్షన్ మూసేయాలన్న ఆలోచనలోనే ఉన్నారని ఆఫీసులో అనుకుంటున్నారు. రాజమ్మ వాళ్లకీ ఆ మాట చేరింది. ఆ రోజు ప్రొఫెసర్ గారు కాలేజీ బస్సు పంపించి సెక్షన్ ఆడవాళ్లందరినీ రప్పించారు. మంచి చీరలు కట్టుకుని, పూలు పెట్టుకుని వచ్చారు. రాజమ్మ స్టేజీ మీద ఫర్హానా పక్కన నిలబడింది. ఇద్దరి మధ్య బల్ల మీద ఒక తిరగేసిన పెట్టె.

ఫర్హానా ఇంగ్లిషులో చెబుతుంటే రాజమ్మ మధ్యలో ఆపి తన మాటల్లో చెప్పింది. క్రేట్లు ఎందుకు ఓడిపోయాయో, కారం ఎందుకు చిందిందో, ఇప్పుడు ఎందుకు చిందదో, ఏదీ దాచలేదు. క్లాసులో కన్నడం వాళ్లు, తెలుగువాళ్లు, హిందీ వాళ్లు ఒకరికొకరు అనువాదం చేసుకుంటున్నారు. ఎండీ గారు ముందు వరసలో చేతులు కట్టుకుని విన్నారు. ముఖంలో ఏమీ కనపడలేదు.

చెప్పడం అయ్యాక ఆయన స్టేజీ ఎక్కారు. పెట్టెని చేతుల్లోకి తీసుకుని నాలుగువైపులా తిప్పారు.

"అంతా బాగుండాది. తాత యాడ?" అన్నారు.

మా కంపెనీ పెట్టెలన్నిటి మీదా ఆయన తాతగారి బొమ్మ ఉంటుంది. తలపాగా, గుబురు మీసం. కాటన్‌పేటలో కొట్టు పెట్టింది ఆయనే. పెట్టె తిరగేస్తే ఆ బొమ్మ లోపలికి పోయింది. ఇన్ని పరీక్షలు పెట్టిన మాకు ఇది తోచలేదు.

"ఆ చందాపుర వ్యాన్ తప్ప, తాత లేని అట్టడబ్బా నా గేటు దాటలేదు ఇంతవరకూ," అన్నారు ఎండీ గారు. ఆయన గొంతులో కోపం లేదు, బాధ ఉంది. ఫర్హానా నావైపు చూసింది. నేను ప్రొఫెసర్ గారివైపు చూశాను. ఆయన పైకప్పు చూశారు.

రాజమ్మ పెట్టె మూత విప్పి ఆయన ముందుకి వంచింది.

"ఈడే ఉండాడు గద సార్. తొంగి చూడండి. ఇన్నేండ్లు ఎండలో వానలో వ్యాన్ల మింద తిరిగినాడు పెద్దాయన. కాసేపు నీడన కూసోనీండి. తన సరుకు తనే కాపలా కాసుకుంటాడు."

ఎండీ గారు నిజంగానే పెట్టెలోకి తొంగి చూశారు. తల ఎత్తేసరికి కళ్లు తడిగా ఉన్నాయి, పెదాలు నవ్వు ఆపుకోలేకపోతున్నాయి. "మా తాత ఒక్క అట్ట పారేస్తే తిట్టేవాడు" అన్నారు. మైకు దగ్గరికొచ్చి, గొంతు సవరించుకుని, అలవాటు కొద్దీ "సరే, మేము దీన్ని పరి..." అనబోయారు.

క్లాసు మొత్తం బల్లలు చరిచింది. ప్రొఫెసర్ గారు వేలు చూపించారు.

"చేస్తాం!" అన్నారు ఎండీ గారు, మైకు అవసరం లేనంత గట్టిగా. "సిటీ షాపులన్నిటికీ ఇదే. సెక్షన్ మూసేది లేదు."

ఆ చప్పట్ల మధ్య ఆయన రాజమ్మ వైపు తిరిగి, "సెక్షన్ మూస్తానన్నప్పుడు మీరంతా నన్ను తిట్టుకోలేదా రాజమ్మా?" అని అడిగారు.

"తిట్టకేం సార్, బాగా తిట్టినాం. మీ రూము దూరం, వినపళ్ల."

ఆయన నవ్విన నవ్వుకి మైకు కుయ్యిమంది.

పొత్తు అంటే ఏమిటని ఆ పై అంతస్తు అమ్మాయి అడిగితే ఆ హాలు చూపించాలనిపిస్తుంది. కాలేజీ లేకపోతే మా ఎండీ గారిని నలుగురిలో నిలబెట్టి అడిగేవాళ్లుండరు. ఫ్యాక్టరీ లేకపోతే ఫర్హానాకి పూలావిడా పిల్లీ తెలియవు. రెండూ ఉండి, ఆ షెడ్డుకి వెళ్లి ముందుగా చెప్పాలన్న షరతు లేకపోతే రాజమ్మ చేతిలోకి ఆ పాత పెట్టె వచ్చేదే కాదు. చివరికి మేం కాపాడింది ఎన్ని చెట్లనో రిపోర్టులో ఎవరో రాశారు. నాకు గుర్తుండేది అది కాదు.

ఆ సాయంత్రం నేను కూడా కాలేజీ బస్సులోనే వాళ్లతో వెనక్కి వచ్చాను. బస్సు దారి పొడుగునా పాటలు, అరుపులు. ఎవరో ఎండీ గారిలా గొంతు సవరించుకుని "పరి..." అంటే అందరూ సీట్లు చరిచేవాళ్లు. నా పక్క సీటులో రాజమ్మ ఫోన్ తీసి కూతురికి కలిపింది. ఆమె చేయి ఎత్తగానే బస్సంతా చప్పున ఊరుకుంది. మామూలుగా గ్రైండింగ్ సెక్షన్ దాకా వినపడే ఆ గొంతు ఎందుకో సన్నగా వచ్చింది.

"పని ఉండాది లేమ్మా," అంది. "రేపు నాకు క్యారియర్ కట్టు."